తూము సరే, తలుపు?

సియాటెల్‌లో శీతాకాలం అంటే వానే. పోయిన నవంబరులో ఒక ఆదివారం మెరీనాకి వెళ్తే మా పడవ వెనకవైపు కాస్త కుంగి కనిపించింది. 1970ల నాటి ఇరవయ్యేడు అడుగుల తెరచాప పడవ. ఆకులు అడ్డుపడి కాక్‌పిట్ సగం నిండింది. నీళ్ళు పోవడానికి ఉన్నవి అంగుళం గొట్టాలు రెండే. ఆకులు తీశాక నీళ్ళు పోయాయి గానీ, ఎంతసేపు పట్టిందో చూస్తే భయమేసింది. ఇదే బయట, వెనకనుంచి అల వచ్చి పడితే? నిండితే అర టన్ను బరువు. అక్కడ కూచునేది మా ఆరేళ్ళ పాప.

ఇంజనీరుని కదా, లెక్క వేశాను. గొట్టం వ్యాసం ఒకటిన్నర రెట్లయితే వైశాల్యం 2.25 రెట్లు, రెండింతలైతే 4 రెట్లు. ఇంకేం, రెండంగుళాలే! సర్వర్ చాలకపోతే ఇంకా పెద్దది అడగడం ఆఫీసులో అలవాటే.

ఆ రాత్రి నాన్నకి ఫోన్లో గొప్పగా చెప్పాను. ఆయన కృష్ణా కాలవల మీద ముప్పయ్యేళ్ళు లస్కరుగా పనిచేశారు. అంతా విని, "తూము సరేరా, తలుపు పడుతోందా?" అన్నారు.

నేను చూడనే లేదు. మర్నాడు ఇంజను పక్కన బోర్లా పడుకుని, గొట్టం పడవ అడుగునుంచి బయటికి పోయే త్రూ-హల్ దగ్గర వాల్వు తిప్పాను. కదల్లేదు. బలంగా తిప్పితే పిడి విరిగి చేతిలోకొచ్చింది. అంటే ఆ కన్నం ఇన్నాళ్ళూ తెరిచే ఉంది. నీటికీ మాకూ మధ్య ఉన్నది ఒక పాత రబ్బరు గొట్టం, తుప్పు పట్టిన క్లాంపు. మళ్ళీ లెక్క: నీటిమట్టానికి అడుగు కింద ఒకటిన్నర అంగుళం కన్నం తెరుచుకుంటే నిమిషానికి సుమారు 100 లీటర్లు లోపలికొస్తాయి. నా పంపు డబ్బా మీద రాసినంత తోడినా నిమిషానికి 32 లీటర్లే. కన్నం రెండంగుళాలైతే ఆ 100 కాస్తా 180 దాకా పోతుంది. నీళ్ళు బయటికి పంపే లెక్కే వేశాను. అదే దారిన లోపలికి రావడం గురించి ఆలోచించలేదు.

చివరికి పడవని ఒడ్డుకెక్కించి, ఒకటిన్నర అంగుళం దగ్గర ఆగాను. రెండంగుళాల గొట్టం ఇంజను కింద వంపు తిరిగేలా కూడా లేదు. తిరగాలి మరి: కాక్‌పిట్ ఎడమ కన్నం గొట్టం కుడి త్రూ-హల్‌కీ, కుడిది ఎడమకీ వెళ్ళాలి. లేకపోతే పడవ గాలికి ఒరిగినప్పుడు కిందికి దిగిన పక్కనుంచి నీళ్ళు వెనక్కి ఎక్కుతాయి. ఇంకో సంగతీ తెలిసింది. హోస్ సైజు దాని లోపలి కొలత. అందులో దూరే ఫిట్టింగు రంధ్రం అంతకన్నా చిన్నది. పైన ఉన్న జల్లెడ ఇంకొంత తినేస్తుంది. ధారని శాసించేది అన్నిటికన్నా ఇరుకైన చోటు. అందుకని పాత జల్లెడ తీసి వెడల్పు గాళ్ళున్నది పెట్టాను. కొత్త కంచు సీకాక్‌లు, ఒక్కో కొసకీ రెండేసి క్లాంపులు. ప్రతి సీకాక్‌కీ తాడుతో కట్టిన కొయ్య బిరడా ఒకటి.

బకెట్లతో నింపి చూశాం. పాప చప్పట్లు కొట్టేలోపే ఖాళీ అయింది.

ఇప్పుడు నాన్న ఫోన్ చేసినప్పుడల్లా పడవ ఎలా ఉందని అడగరు. "ఈ నెల తలుపులు తిప్పావా?" అంటారు. ఈ నెల ఇంకా తిప్పలేదు. రేపు వెళ్ళాలి.