మూడు వారాల ప్రయాణం

కొందరికి చీరల కొట్టు ముందు కాళ్ళు ఆగిపోతాయి. నాకు పటం ముందు ఆగిపోతాయి. జన్మలో వెళ్ళబోని ఊళ్ళ మధ్య దూరమెంతో, విమానంలో ఎంతసేపో చూస్తూ కూర్చుంటాను. "ఏం, టిక్కెట్లు కొంటున్నావా?" అంటారు మావారు. కొనేదుంటే ఇంత తీరిగ్గా చూస్తానా!

ఈమధ్య నా కన్ను నార్వే మీద పడింది. ఆ దేశానికి ఉత్తరపు కొసన ట్రోమ్సో అనే ఊరుంది. అక్కడికే చలికి కొయ్యబారిపోతామనుకుంటే, సముద్రం మీదుగా ఇంకా పైకి సుమారు 960 కిలోమీటర్లు పోతే స్వాల్బార్డ్ దీవులు, అందులో లాంగ్‌యియర్‌బ్యెన్ అనే ఊరు. విమానంలో దాదాపు గంటా నలభై నిమిషాలు. ఓస్, అంతేనా అనిపిస్తుంది కదూ! పెళ్ళికి బయల్దేరాలంటే మనింట్లో ముస్తాబులకే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

1906లో బొగ్గు గనుల కోసం వెలిసిన ఊరది. బయటి నుంచి రోడ్డు లేదు. 1975లో విమానాశ్రయం తెరిచేదాకా, శీతాకాలంలో సముద్రం గడ్డకడితే నెలల తరబడి ఓడ వచ్చేది కాదు. ఇప్పటికీ అక్టోబరు చివర అస్తమించిన సూర్యుడు ఫిబ్రవరి నడిమి దాకా మళ్ళీ ఉదయించడు. చుట్టూ కొండలు కదా, ఊళ్ళోకి ఎండ వచ్చేసరికి మార్చి 8 అవుతుంది. ఆ వారమంతా ఊరికి పండగే.

"ఆ ఊళ్ళో పుట్టకూడదు, చావకూడదు" అని వేళాకోళంగా అంటుంటారు. అలాంటి చట్టమేం లేదు. ఉన్న చిన్న ఆసుపత్రిలో పురుళ్ళు పోసే ఏర్పాటు లేదు, అంతే. అంచేత గర్భిణీలు గడువుకి సుమారు మూడు వారాల ముందే విమానమెక్కి ట్రోమ్సో వైపు వెళ్ళిపోవాలి.

"మనమూ పురిటికి పుట్టింటికి వెళ్ళమా?" అంటారేమో. వెళతాం. కానీ మనల్ని పంపేది ఆచారం, ఆమెని పంపేది దూరం. మనకి గుమ్మంలో అమ్మ ఎదురొస్తుంది. ఆమెకి ఎదురొచ్చేది ఆసుపత్రి ఉన్న ఊరు. బడికెళ్ళే పెద్దపిల్ల ఉంటే, దాని జడలు ఎవరు వేస్తారన్న బెంగ కూడా సామానుతో పాటు మోసుకెళ్ళాలి. పోనీ, నొప్పులు రాగానే వెళ్దామంటే? గాలీ మంచూ కమ్ముకున్న రాత్రి విమానం లేవకపోతే ఏం గతి? కడుపులో బిడ్డకి విమానాల వేళలతో పనేముంది!

ఎన్ని కిలోమీటర్లో పటం చెబుతుంది. ఎన్ని నిమిషాలో విమానాలవాళ్ళు చెబుతారు. అసలు దూరం మాత్రం నెలలు నిండుతూండగా పెట్టె సర్దుకునే ఆ ఇల్లాలికే తెలుసు. ఆమె లెక్కలో అది మూడు వారాల దూరం.

తిరుగు ప్రయాణం మాత్రం వేరు. ఒళ్ళో బిడ్డ నిద్రపోతూంటుంది. కింద అదే సముద్రం, అవే 960 కిలోమీటర్లు. ఇంట్లో పెద్దపిల్ల గడియారం చూసుకుంటూంటుంది. ఆ గంటా నలభై నిమిషాలు దానికెంత పొడుగో!