పొయ్యి దగ్గర నేర్చుకున్న ఓర్పు

ఉదయం నాలుగింటికి లేస్తాం. ఎనిమిది మందికి ఒకటే బాత్‌రూం. నాలుగున్నరకు బస్సు. సాయంత్రం క్యాంపు చేరేసరికి ఏడవుతుంది. తర్వాత పొయ్యి కోసం లైను. వండుకుని, తిని, గిన్నెలు కడిగి ఇంటికి ఫోను చేద్దామంటే కువైట్‌లో తొమ్మిది, మన ఊళ్లో పదకొండున్నర. పిల్లలు నిద్రపోయి ఉంటారు. ఇంత ఉరుకుల బతుకులో ఓర్పుకు చోటెక్కడ అని మేమూ అనుకున్నవాళ్లమే.

కిందటి ఎండాకాలం మా కంపెనీలో రెండు నెలల జీతాలు ఆగాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని నియమం. ఆ వేళ నీడన కూర్చుంటే అందరి నోటా అప్పులు, వడ్డీల మాటే. సూపర్‌వైజర్‌ను అడగడానికి మాత్రం నోరు రాదు. ఆ కోపమంతా గదిలో బయటపడేది.

ఒక రాత్రి పొయ్యి వంతు కోసం గొడవైంది. తోపులాటలో అన్నం గిన్నె నేలపాలైంది. అది మాలో అందరికంటే చిన్నవాడిది. వాడు కింద కూర్చుని అన్నం ఎత్తుకుంటుంటే మాలో ఎవరికీ మాట రాలేదు. అదే రాత్రి మాలో ఒకరు ఫోనులో భార్యను తిట్టారు, స్కూలు ఫీజు అడిగిందని. ఆమె ఇంకెవరిని అడుగుతుంది?

శుక్రవారం సిటీలో తెలుగు ఆరాధనకు వెళ్లాం. పాస్టరుగారు యాకోబు పత్రిక 5వ అధ్యాయం తీశారు. బిగబట్టిన కూలి మొరపెడుతుందని, ఆ మొర దేవుడు వింటాడని 4వ వచనం. వాన కోసం కనిపెట్టే రైతులా ఓపిక పట్టమని 7వ వచనం. ఒకరి మీద ఒకరు సణుక్కోవద్దని 9వ వచనం. ఈ మూడూ ఒకే చోట ఉన్నాయని మేం అప్పటిదాకా గమనించలేదు. మా క్యాంపును చూసి రాసినట్టే అనిపించింది.

తిరుగు బస్సులో మా గదిలోని పెద్దన్న అన్నాడు: "వాన కోసం చూసే రైతు ఊరికే కూర్చుంటాడా అబ్బీ? మన కడప పక్క శనక్కాయ వేసేటోళ్లను చూడలేదా? ముందే దుక్కి దున్ని, కాయలు వలిచి విత్తనం పెట్టుకుంటారు. వాన మన చేతిలో లేదు, దుక్కి మన చేతిలోనే ఉంది."

ఆ వారమే ఎవరికి ఎన్ని దినార్లు రావాలో లెక్క రాసి, అందరం సంతకాలు పెట్టి కంపెనీ ఆఫీసులో ఇచ్చాం. జీతం ఇవ్వకపోతే లేబర్ ఆఫీసుకు వెళ్తామని మర్యాదగానే చెప్పాం. చిన్నవాడిని క్షమించమని అడిగాం. పొయ్యి వంతులు కాగితం మీద రాసి గోడకు అతికించాం. ఇప్పుడు బస్సు దిగగానే ముందు ఇంటికి ఫోను. అక్కడ తొమ్మిదిన్నర, పిల్లలు మేలుకునే ఉంటారు.

ఒక నెల జీతం వచ్చింది. రెండోది ఇంకా రావాలి. మా కష్టం తీరిందని చెప్పడం లేదు. కానీ సోదరులారా, ఓర్పంటే నోరు మూసుకోవడం కాదని మాకు తెలిసింది. మొరపెట్టాల్సిన చోట మొరపెడదాం. అక్కడ చూపలేని కోపాన్ని పక్క మంచం మీద, ఫోనులో ఇంటివాళ్ల మీద చూపవద్దు.

చిన్నవాడి గిన్నెకు సొట్ట పడింది. అందులోనే వండుకుంటున్నాడు. మొన్న ఓవర్‌టైం చేసి ఆలస్యంగా వచ్చిన వారికి తన వంతు ఇచ్చి, "మీరు ముందు వండుకోండన్నా" అన్నాడు.