గీసేది అమీర్‌పేటలో... వంచేది బాలానగర్‌లో!

మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తితే ఆకాశం కన్నా ముందు బోర్డులే కనిపిస్తాయి. జావా, పైథాన్, డెవాప్స్, సేల్స్‌ఫోర్స్... ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. వాటి మధ్య కాస్త చిన్న అక్షరాల్లో ఇంకో రకం బోర్డులుంటాయి. ఆటోక్యాడ్, క్యాటియా, సాలిడ్‌వర్క్స్, ఆన్సిస్. మెకానికల్ చదివినవాళ్లు ముందు వీటి వైపు ఆశగా చూసి, తర్వాత జావా వైపు నడుస్తారు. నేనూ అంతే. బీటెక్ మెకానికల్, ఉద్యోగం పేమెంట్స్ సాఫ్ట్‌వేర్. అమీర్‌పేట తెలిసినవాళ్లెవరూ దీనికి ఆశ్చర్యపోరు.

నా క్లాస్‌మేట్ ఒకడు మాత్రం జావా వైపు నడిచి కూడా క్యాటియాని వదల్లేదు. పంజాగుట్టలో వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, రెండు కార్ల పార్కింగ్ జాగాలో, రెండు సీట్ల బగ్గీ ఒకటి కడుతున్నాడు. అవును, కారునే, ఇల్లు కట్టినట్టు కడుతున్నాడు. గ్రైండింగ్‌కి అసోసియేషన్ ఇచ్చిన పర్మిషన్ ఆదివారం పదకొండు నుంచి ఒంటిగంట వరకు. పన్నెండూ యాభై అయిదుకల్లా వాచ్‌మన్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడతాడు.

ఇలాంటి బండ్లని కిట్ కార్లంటారు. బ్రిటన్‌లో 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌తో వీటికి బాగా పేరొచ్చింది. ఫ్యాక్టరీలో బిగించిన కారు కొంటే అక్కడ పర్చేజ్ ట్యాక్స్ కట్టాలి. విడి భాగాలుగా తెచ్చుకుని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను తప్పేది. దాంతో జనం స్పానర్లు పట్టుకున్నారు. మన దగ్గర అలా పెట్టెలో వచ్చే కిట్ ఏదీ లేదు కాబట్టి మావాడి కిట్ వాళ్ల నాన్నగారి పాత మారుతీ 800. అందులోంచి 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్, గేర్‌బాక్స్, స్టీరింగ్, హబ్‌లు, బ్రేకులు, 12 అంగుళాల చక్రాలు తీశాడు. మిగిలిందంతా గొట్టాలతో కొత్తగా చేసిందే. కాలేజీలో బాజా పోటీకి బండి కట్టిన అనుభవం వాడికుంది. తల చుట్టూ వచ్చే కేజ్‌కి అప్పటి లెక్కే పట్టుకున్నాడు. బయటి వ్యాసం 25.4 మిల్లీమీటర్లు, మందం 3. దీని మీద మాత్రం బేరాల్లేవన్నాడు.

అసలు చిక్కు ఈ రెండింటినీ కలిపే దగ్గరుంది. మారుతీ ఇంజిన్ మారుతీ బాడీకి సరిపోయేలా చేసింది. దాన్ని కొత్త ఫ్రేమ్‌లో కూర్చోబెట్టాలంటే మధ్యలో ఒక బ్రాకెట్ కావాలి. అది ఏ షాపులోనూ దొరకదు. ఎందుకంటే ఆ బ్రాకెట్ అవసరమైన కారు లోకంలో ఇదొక్కటే!

డ్రాయింగ్ వేయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. 5 ఎంఎం ఎంఎస్ ప్లేట్, రెండు వంపులు, ఆరు బెజ్జాలు. లేజర్ కటింగ్‌కి డీఎక్స్ఎఫ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అమీర్‌పేటలో మెట్రో ఎక్కాం. ఎస్ఆర్ నగర్, ఈఎస్ఐ, ఎర్రగడ్డ, భరత్‌నగర్, మూసాపేట, ఆరోది బాలానగర్. ఒకప్పుడు బస్సు బాడీలూ ఫ్రిజ్‌లూ చేసిన ఆల్విన్ ఈ దారి పక్కన సనత్‌నగర్‌లోనే ఉండేది. మా తాతయ్య వాళ్లింట్లో ఆల్విన్ ఫ్రిజ్ నేను పుట్టాక కూడా చాలా ఏళ్లు నడిచింది.

స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి లోపలికి వెళ్తేగానీ అసలు బాలానగర్ రాదు. పనిముట్లు తయారుచేయడం నేర్పే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఇక్కడే ఉంది. హెచ్ఏఎల్ ఇక్కడే ఉంది. ఇస్రో వికాస్ ఇంజిన్‌కి భాగాలు చేసిచ్చే ఎంటీఏఆర్ కూడా ఈ బాలానగర్‌దే. వీటి చుట్టూ సందుల్లో లెక్కలేనన్ని షెడ్లు. ఒకదాంట్లో లేత్, పక్కదాంట్లో మిల్లింగ్, ఎదురుగా వైర్‌కట్, చివర్లో పౌడర్ కోటింగ్. సందంతా కటింగ్ ఆయిల్ వాసన. అమీర్‌పేటలో బోర్డు పెద్దది, గది చిన్నది. ఇక్కడ చాలా షెడ్లకి బోర్డే ఉండదు.

ఒక షెడ్డులో యాభై దాటిన అన్న. కళ్లద్దాలు నుదుటి మీదుంటాయి.

“ఎన్ని పీసులు?”

“రెండన్నా.”

“రెండు వందలా?”

“కాదన్నా, రెండే.”

కళ్లద్దాలు కిందికి దింపి మమ్మల్ని చూశారు. పోనీలే అనుకున్నట్టున్నారు. రెండు పీసులకైనా రెండు వేల పీసులకైనా మెషీన్ మీద డై మార్చి, స్టాప్ సెట్ చేయడానికి పట్టే టైము ఒకటే. ఒక్క పీస్ అడిగితే కొందరు మొహం తిప్పుకునేది అందుకే. పొగరు అనుకోవద్దు.

అన్న డ్రాయింగ్ ప్రింటవుట్ మీద వేలు పెట్టి అన్న మొదటి మాట: “గీ బొక్క వంపు గీతకు మస్తు దగ్గరుంది తమ్మీ. వంచినంక కోడిగుడ్డు లెక్క అయితది.”

స్క్రీన్ మీద ఆ బెజ్జం గుండ్రంగానే ఉంది. వంచినా గుండ్రంగానే ఉంది. సాఫ్ట్‌వేర్ ఎర్రగీతేమీ చూపించలేదు. కానీ ఇనుము వంగేటప్పుడు ఆ చుట్టుపక్కల లోహమంతా లాక్కుపోతుంది, బెజ్జంతో సహా. మందానికి రెండు మూడు రెట్లు దూరం వదలాలి, లేదంటే వంచాక డ్రిల్ వేయాలి. మేం రెండోది ఒప్పుకున్నాం.

తర్వాత ఆయన చేసిన పని నాకు బాగా నచ్చింది. మా ప్లేట్‌ని ముట్టుకోలేదు. అదే మందం తుక్కు పట్టీ ఒకటి తీసి సరిగ్గా 100 మిల్లీమీటర్లకి కోసి, ప్రెస్ మీద పెట్టి ఎల్ ఆకారంలో వంచారు. రెండు కాళ్లూ బయటి వైపు నుంచి వెర్నియర్‌తో కొలిచారు. కలిపితే 109!

వంద ఎలా పెరిగిందని కంగారు పడకండి. మూలలో ఉన్న ముక్కని రెండు కొలతల్లోనూ లెక్కేస్తాం కాబట్టి పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నదే కిటుకు. వంపులో ప్లేట్ బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుంటుంది. సాగకా, నొక్కుకోకా ఉండే గీత మందంలో ఎక్కడుందో చెప్పే అంకె కె-ఫ్యాక్టర్. సాఫ్ట్‌వేర్‌లో మొదట్నుంచీ ఉన్న 0.5 తో లెక్కిస్తే 108.2 రావాలి. ఈ ప్లేట్‌కి, ఈ డైకి, 5 ఎంఎం లోపలి రేడియస్‌కి అది 0.4 దగ్గర ఉంది. తేడా ఒక్కో వంపుకి 0.8 మిల్లీమీటర్లు. రెండు వంపులు కలిస్తే 1.6. అంత తేడా ఉంటే బోల్టు బెజ్జంలోకి దిగదు. అన్నకి కె-ఫ్యాక్టర్ అనే మాట తెలుసో లేదో నేను అడగలేదు. మావాడు మెట్ల మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో అంకె మార్చి, ఫైలు మళ్లీ తీసిచ్చాడు.

వెల్డింగ్ ఇంకో షెడ్డులో. అక్కడా ఒక సంగతుంది. వెల్డ్ చల్లారేటప్పుడు కుంచించుకుపోయి ప్లేట్‌ని తన వైపు లాగేస్తుంది. అందుకే బ్రాకెట్‌ని ఉత్తగా టేబుల్ మీద పెట్టి అతికించకూడదు. పాత ఇంజిన్ మౌంట్‌ని మేం వెంట తీసుకెళ్లాం. దానికి బోల్టులు బిగించి, నాలుగు చోట్ల చుక్కల్లా టాక్ వేసి, ఆ తర్వాత ఒకసారి ఇటు, ఒకసారి అటు కొంచెం కొంచెంగా వెల్డ్ చేశాడు ఆ అబ్బాయి. వయసులో మాకన్నా చిన్నవాడు. తిరుగు మెట్రోలో బ్యాగ్ స్కానర్ దగ్గర ఆపి, ఇదేంటని అడిగారు. “కారు” అన్నాడు మావాడు. ఇంకో అయిదు నిమిషాలు ఆలస్యం.

బోల్టులు, బుష్‌లు, బేరింగులకి రాణీగంజ్ ఉండనే ఉంది. అక్కడ అడగాల్సింది పార్టు పేరు కాదు, సైజు.

స్టీరింగ్ షాఫ్ట్‌ని పొడిగించే ముక్క కూడా చేయించాలని వెళ్తే అదే అన్న ఒప్పుకోలేదు. “స్టీరింగుది నేను చెయ్య తమ్మీ. కంపెనీదే పెట్టుకో. ఇరిగితే నా మొహం ఎట్ల చూపియ్యాలె?” పని కోసం కూర్చున్న మనిషి, వచ్చిన పనిని వద్దన్నారు. సీటే ముందుకు జరిపి, మారుతీ షాఫ్ట్‌నే ఉన్నదున్నట్టు వాడాడు మావాడు.

ఇంత చేసినా ఈ బండి పంజాగుట్ట చౌరస్తాలోకి రాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. కొత్త బండిగా రిజిస్టర్ చేయించాలంటే పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలో నమూనా పరీక్ష పాసవ్వాలి. అది కంపెనీలకి కుదిరే పని, సెల్లార్‌లో కట్టేవాళ్లకి కాదు. బ్రిటన్‌లో ఒక్క బండి కట్టినవాళ్లకీ విడిగా పరీక్ష పెట్టి రోడ్డెక్కనిస్తారు. అలాంటి దారి మన దగ్గరా ఉండాలంటాను నేను. ఆ పరీక్ష ఎంత కఠినంగా పెట్టినా సరే.

మారుతీ విప్పేశాక ఆర్సీని ఆర్టీయే ఆఫీసుకి తిరిగిచ్చేయాలి. అదీ చట్టమే. ఖైరతాబాద్ ఆఫీసులో సంతకం పెట్టేటప్పుడు వాళ్ల నాన్నగారు పెన్ను కాసేపు పట్టుకునే ఉన్నారు. “నిన్ను హాస్పిటల్ నుంచి తీసుకొచ్చింది ఇందులోనేరా” అన్నారు. అంతే, సంతకం పెట్టేశారు.

చేత్తో కారు చేయాలన్న పిచ్చి ఈ ఊరికి కొత్త కాదు. జూపార్కు దగ్గర బహదూర్‌పురాలో కె.సుధాకర్ గారి సుధా కార్స్ మ్యూజియం 2010 నుంచి ఉంది. వంకాయ కారు, బర్గర్ కారు, క్రికెట్ బాల్ కారు, హైహీల్ చెప్పు కారు... అన్నీ తుక్కుతో చేసినవే, అన్నీ నడిచేవే. 2005లో ఆయన చేసిన మూడు చక్రాల సైకిల్ 41 అడుగుల 7 అంగుళాల ఎత్తుతో గిన్నిస్‌కెక్కింది. పిల్లలు ఆ ఆకారాలు చూసి నవ్వుతారు. మీరు వెళ్తే కాస్త వంగి కిందికి చూడండి. ఎక్కడ ఏ ప్లేట్ వంచి దేనికి అతికించారో చూస్తూ ఉంటే పూట గడిచిపోతుంది.

మా బగ్గీ చేవెళ్ల వైపు వాడి మేనమామ మామిడి తోటలో తిరగబోతోంది. పోయిన ఆదివారం ఇంజిన్ ఎక్కించాం. ఆరు బోల్టుల్లో అయిదు చేత్తోనే తిరిగాయి, ఆరోదానికి స్పానర్ పట్టాల్సొచ్చింది. సెల్లార్ ర్యాంప్, గేటు వెడల్పు కొలిచాం. అటూ ఇటూ జానెడు జాగా మిగులుతుంది. పగలు పంజాగుట్టలోకి బండి రానివ్వరని, శనివారం రాత్రి పదకొండు దాటాకే వస్తానన్నాడు డీసీఎం అతను. తోయడానికి నలుగురు కావాలి. వాచ్‌మన్ నేనొస్తానన్నాడు.