ఎడమ కాలువ గట్టున మనవాళ్ళు

హైదరాబాదు నుంచి మహబూబ్‌నగర్ మీదుగా వెళ్ళే రోడ్డు మక్తల్ దాటాక కృష్ణ ఒడ్డుకు చేరుతుంది. అవతలి గట్టున శక్తినగర్ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, ఏటి మీద నిజాం కాలం నాటి పాత వంతెన. ఏరు దాటితే రాయచూరు అంతర్వేది. పైన కృష్ణ, కింద తుంగభద్ర, నడుమ నల్లరేగడి. 1520లో కృష్ణదేవరాయలు బీజాపూరు సుల్తానుతో యుద్ధం చేసి గెలుచుకున్న నేల ఇది. రెండు నదుల మధ్య ఉన్నా తరతరాలుగా వాన కోసం మొగం వాచిన నేల కూడా ఇదే.

రాయచూరు నుంచి మాన్వి, సింధనూరు, కారటగి మీదుగా గంగావతికి వెళ్తుంటే ఊరూరికీ పచ్చదనం చిక్కబడుతూ ఉంటుంది. తుంగభద్ర ఎడమ కాలువ మునీరాబాదు దగ్గర ఆనకట్ట నుంచి బయలుదేరి, 227 కిలోమీటర్లు పారి, రాయచూరు వైపు వచ్చి ముగుస్తుంది. మనం వెళ్ళేది కాలువకు ఎదురు. మాన్వి దగ్గర పత్తి, జొన్న, కంది. సింధనూరులో వరి మొదలవుతుంది. కారటగి చేరాక వరి తప్ప ఇంకో పైరు కంటికి ఆనదు. రోడ్డుకు రెండు వైపులా రైసు మిల్లులు, వాటి వెనక ఊక గుట్టలు, ట్రాక్టర్ షోరూములు, ఎరువుల దుకాణాలు. వాటి బోర్డులు కన్నడంలో ఉన్నా లోపల గల్లాపెట్టె దగ్గర వినిపించేది చాలాచోట్ల గుంటూరు, గోదావరి తెలుగు.

1945లో హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వాలు ఉమ్మడిగా ఈ ఆనకట్టకు పునాది వేశాయి. 1953 నాటికి నీళ్ళు వదిలారు. అప్పటికి రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉంది, 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. కాలువ వచ్చింది గానీ స్థానిక రైతుకు తడి సేద్యం కొత్త. నేల చదును చేయాలి, మడి కట్టాలి, పెట్టుబడి కావాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే కృష్ణా, గోదావరి డెల్టాల్లో అన్నదమ్ముల పంపకాలతో కమతాలు చిక్కిపోతున్నాయి. అక్కడ ఎకరం అమ్మిన డబ్బుతో ఇక్కడ అంతకు ఎన్నో రెట్ల భూమి వచ్చేది. అలా ఎడ్లతో, నాగళ్ళతో, కుంపటి నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళతో, చంటిపిల్లలతో వచ్చి కాలువ వెంట గుడిసెలు వేసుకున్నారు. వాటినే క్యాంపులన్నారు. ఇప్పుడవి డాబాలు, రామాలయాలు, కల్యాణ మండపాలు ఉన్న ఊళ్ళు. గంగావతి పక్కన శ్రీరామనగర్ వెళ్ళి చూడండి, తెనాలి ప్రాంతంలో ఏదో ఊళ్ళోకి వచ్చామనిపిస్తుంది.

అలా వచ్చినవాళ్ళలో మా తాతగారి తమ్ముడు ఒకరు. తెనాలి పక్క పల్లెలో తన వాటా అమ్ముకుని బయలుదేరాడని, కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచాయని, తర్వాత ఆగిపోయాయని మాత్రమే మా ఇంట్లో తెలుసు. నాన్న ఆయన ప్రస్తావన వస్తే మాట మార్చేవారు. హంపి చూద్దామని నేనూ మా ఆవిడా కారులో బయలుదేరినప్పుడు మాత్రం, కారటగి దగ్గర ఏదో క్యాంపు అని తనంతట తనే చెప్పి, వీలైతే కనుక్కోమన్నారు.

కారటగిలో ఒక రైసు మిల్లు ముందు కారు ఆపాను. గుమాస్తా మా ఇంటిపేరు, పాత ఊరు అడిగి, "ఆ ఊరి వాళ్ళు రెండిళ్ళున్నారండీ. కాలువ దిగువన ఉన్నది మీ వాళ్ళే అయ్యుంటారు" అని కుర్రాణ్ణి బండి మీద ముందు పంపాడు. అరగంటలో ఒక వాకిట్లో నిలబడ్డాం. వేపచెట్టు కింద మంచం మీద పెద్దాయన. పేరు చెప్పేలోపే ఆయన లేచి నిలబడ్డారు. నుదురు, చెవులు, నడుము మీద చేయి ఆనించి నిలబడే తీరు, అన్నీ మా నాన్నవే. "వెంకాయమ్మ మునిమనవడివా?" అన్నారు. వెంకాయమ్మ మా తాతగారి తల్లి, ఈయనకు నాయనమ్మ. ఈయన నాకు బాబాయి. పిన్ని వచ్చి మా ఆవిడ చేయి పట్టుకుని "లోపలికి రామ్మా, కాళ్ళు కడుక్కో" అంటూ తీసుకుపోయింది. పరిచయాలన్నీ అన్నాల దగ్గరే జరిగాయి.

ఆ వడ్డనలో ఈ ప్రాంతం చరిత్రంతా ఉంది. గోంగూర పచ్చడి, ముద్దపప్పు మా వైపువి. పలచగా కాల్చిన జొన్నరొట్టె, వేరుశెనగ పొడి, కాయ కాయగా వండిన వంకాయ ఇక్కడివి. కోడలు కొప్పళ వైపు పిల్ల. జొన్నరొట్టెలో గోంగూర పెట్టుకుని తినడం వాళ్ళ పిల్లలకు పుట్టినప్పటి నుంచి అలవాటు.

భోజనాలయ్యాక బాబాయి ట్రంకుపెట్టె తెరిచారు. మొదటి కొనుగోలు కాగితం ఉర్దూలో ఉంది. తర్వాతివన్నీ కన్నడంలో. నడుమ ఒక చిట్టా పుస్తకం, అందులో చిన్నతాత చేతిరాతతో తెలుగు లెక్కలు. తుమ్మచెట్లు కొట్టించిన కూలి, ఎడ్ల మేత, చలిజ్వరానికి కొయినా మాత్రలు. ఒక పేజీలో పంట కాలం వరసన "రాబడి లేదు" అని ఉంది. ఆ ఏడాదే అన్నగారిని అప్పు అడుగుతూ ఉత్తరం రాశాడట. జవాబు రాలేదు. నాకు తల ఎత్తాలనిపించలేదు. బాబాయి పుస్తకం మూస్తూ, "మీ తాత ఇవ్వలేదని మా నాన్న ఎన్నడూ అనలేదురా. ఆయన దగ్గరా లేక ఇవ్వలేదనే చెప్పేవాడు. నువ్వు మీ నాన్నకు ఆ మాట చెప్పు" అన్నారు. అక్కడి నుంచే నాన్నకు ఫోన్ కలిపాను. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మేం బయటికి వచ్చేశాం.

మనుషుల వెనకే విత్తనం కూడా వచ్చింది. బాపట్ల పరిశోధన కేంద్రంలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, ఈ రేగడిలో బాగా కుదురుకుంది. కారటగి, గంగావతి, సింధనూరు మిల్లుల నుంచి సోనా మసూరి పేరుతో సంచులకెక్కి బెంగళూరు, హైదరాబాదు వంటిళ్ళకు చేరే బియ్యంలో దాని పాలు చాలా పెద్దది.

అయితే ఈ పచ్చదనానికి ఒక ధర ఉంది, ఆ ధర చెల్లిస్తున్నది వేరేవాళ్ళు. ఎడమ కాలువను రూపొందించింది ప్రధానంగా ఆరుతడి పంటలకు. ఎక్కువ ఎకరాలకు కొద్ది కొద్దిగా నీరిచ్చి కరువు నుంచి కాపాడాలన్నది ఆలోచన. ఎగువన వరి పరుచుకున్నాక చివరి భూములకు నీరు అందడం కష్టమైంది. మాన్వి, రాయచూరు రైతులు నీళ్ళ కోసం రోడ్డెక్కడం ఇక్కడ పాత కథే. పైన నీరు ఎక్కువై చౌడు తేలిన చేలూ ఉన్నాయి. ఆనకట్టలో పూడిక చేరి, మొదట 133 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు దాదాపు 105కి తగ్గింది. బాబాయి ఈ మాట దాచలేదు. "మా నాన్నవాళ్ళు వరి తప్ప ఎరగరు. నీళ్ళు కనబడగానే నాటేశారు. కిందవాళ్ళ నీళ్ళు మేం వాడుకున్న మాట నిజం" అన్నారు. క్యాంపుల కష్టాన్ని ఎంత మెచ్చుకున్నా సరే, మాన్వి రైతును వదిలేసి ఈ కథ చెప్పడం నాకు న్యాయంగా తోచదు. ఎగువన వరి కొంత తగ్గాలి, తప్పదు.

2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కాలువ ఎగువా దిగువా ఒక్కలాగే వణికాయి. 33 గేట్లలో ఒకటి పోతే ఏడాది పంటే ఏట్లో కలిసేలా ఉంది. తెలుగువాడైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో, నీరు పారుతుండగానే స్టాప్‌లాగులనే తాత్కాలిక పలకలు దించి ఆపగలిగారు. ఆ వారం క్యాంపులో ఎవరికీ కంటి మీద కునుకు లేదని పిన్ని చెప్పింది.

ఈ వైపు వెళ్తే మరి రెండు చోట్ల ఆగండి. సింధనూరు నుంచి లింగసుగూరు దారిలో మస్కి ఉంది. దేవానాం ప్రియుడంటే అశోకుడేనని ఆయన పేరుతో సహా తేల్చిన శాసనం 1915లో బయటపడింది అక్కడే. సింధనూరు చుట్టుపక్కలే తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల క్యాంపులున్నాయి. మనవాళ్ళు భూమి కోసం వస్తే వాళ్ళు ప్రాణాలు దక్కించుకోవడానికి వచ్చారు. గంగావతి దాటితే ఆనెగొంది, ఏటికి అవతల హంపి. హంపి గురించి రాసినవాళ్ళు ఎందరో ఉన్నారు కాబట్టి ఇక్కడ ఆపుతాను.

మీ ఇంట్లో కూడా ఎవరో తుంగభద్రకు వెళ్ళిపోయారన్న మాట ఎప్పుడైనా విని ఉంటే, పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఇంటిపేరు, పాత ఊరు, వెళ్ళిన మనిషి పేరు అడిగి రాసుకోండి. కారటగిలోనో గంగావతిలోనో ఏ మిల్లులో అడిగినా దారి చూపిస్తారు. భూమి కొన్న తరంలో ఇప్పుడు మిగిలినవాళ్ళు చాలా తక్కువ. వాళ్ళ పిల్లలు కూడా డెబ్బైల్లో ఉన్నారు. ఎక్కువ ఆలస్యం చేయకండి.