సీసం ఊరి దారి

అమెరికా చూచి వచ్చినవారు ఎత్తయిన మేడల ముచ్చట చెప్తారు. మేము చెప్పబోయేది రెండు మూడు తుప్పు పట్టిన రేకుల పాకల సంగతి.

2019 నవంబరులో లాస్ వేగాస్‌లో ఉన్న మా అక్క కొడుకు మా దంపతులను జీపులో డెత్ వ్యాలీకి తీసుకపోయినాడు. "మామా, దారి బాగుండదు, అత్తకు ముందే చెప్పు" అన్నాడు. మేము చెప్పలేదు.

బీటీ అనే చిన్న ఊరు దాటినాక తారురోడ్డు విడిచి మట్టిదారి పట్టినాము. టైటస్ కాన్యన్ అనే ఇరుకులోయగుండా సుమారు 27 మైళ్ళు. ఒకవైపే పోవాలి, ఎదురుబండి రాదు. మొదట బోడి మైదానం, తుప్పలు. తరువాత కొండ ఎక్కుడు. ఒకపక్క గోడవంటి కొండ, రెండోపక్క దిగుడు. అబ్బాయి చిన్న గేరులో మెల్లగా పోనిస్తున్నా, బండి అడుగున రాయి ఠంగుమన్నప్పుడల్లా మా ఇంటావిడ ఆంజనేయస్వామిని పిలిచింది.

5,000 అడుగులకు పైనున్న రెడ్ పాస్ అనే కనుమ మీద దిగినాము. సండూరు కొండలెరిగిన మా బళ్ళారివారికి ఎర్రరాయి కొత్త గాదు; ఇనుము తుప్పు రంగు ఎక్కడైనా ఒకటే. కాని ఆ ఎరుపు పక్కనే పాచిపచ్చ, గంధపు రంగు, ఊదా! అగ్నిపర్వతాల బూడిద పేరుకొని గట్టిపడిన పొరలట కొన్ని. ఖడ్గమృగం వంటి పెద్ద జంతువు పుర్రె 1933లో ఈ ప్రాంతపు కొండల్లోనే దొరికింది. ఒకప్పుడిక్కడ నీళ్ళు, పచ్చిక ఉండేవన్నమాట. "ఈ పచ్చ ధర్మవరంలో వెదికినా దొరకలేదు" అని మా ఆవిడ ఒక రాయి కొంగున కట్టబోయింది. పార్కులో రాయి తీయకూడదని అబ్బాయి వారించినాడు.

కనుమ దిగితే లెడ్‌ఫీల్డ్. అక్కడి సీసం గనులకు సామాను తోలడానికే 1926లో ఈ దారి వేసినారు. చమురు వాటాలమ్మి పేరుపడిన సి.సి. జూలియన్ అనే ఆయన ప్రత్యేక రైలులో లాస్ ఏంజిలిస్ జనాన్ని రప్పించి, భోజనం పెట్టి, గని చూపినాడు. వాటాలు బాగా అమ్ముడుపోయినాయి. ఆగస్టులో తపాలాఫీసు తెరచినారు. 1927 జనవరిలో మూసినారు. సీసం లేకపోలేదు గాని, సొరంగం లోతుకు పోయేసరికి నాసిరకమే తగిలింది. వాటాల అమ్మకంపై ప్రభుత్వ విచారణ కూడా వచ్చింది. జూలియన్ 1934లో షాంఘైలో చనిపోయినాడు.

ఈ కథ అబ్బాయి చెప్తుంటే మేము తలెత్తలేదు. అంతకు ఏడేండ్ల ముందు ఒక చీటీ కంపెనీవారి రంగుల కాగితం నమ్మి, ఇంటిస్థలానికని దాచిన సొమ్మంతా పోగొట్టుకొన్నవారము మేమే. గుమాస్తా జీతంలో మిగిల్చిన సొమ్ము! ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. మా ఆవిడ పాకలోకి తొంగిచూచి, "వీళ్ళకు భోజనమైనా పెట్టినారు, మనకు క్యాలెండరొకటి ఇచ్చినారు" అన్నది. ముగ్గురమూ నవ్వినాము. ఆ విషయమై ఆమె నవ్వగా చూచుట మాకదే మొదలు.

ఆ తరువాత లోయ ఇరుకైంది. కొన్నిచోట్ల ఇరవై అడుగులే వెడల్పు. చేయి చాస్తే గోడ తగులుతుందేమో అనిపించింది. 50 కోట్ల ఏండ్లనాటి సముద్రపు అడుగున పేరుకొన్న సున్నపురాయి మడతలు పడి నిలువునా లేచి ఉన్నది. వాన వస్తే ఇందులో తప్పుకొనే చోటు లేదు. 2022, 2023 ఆగస్టు వరదల్లో డెత్ వ్యాలీ దారులెన్నో కొట్టుకుపోయినాయి. కాబట్టి పోదలచినవారు ఈ దారి తెరచి ఉన్నదో లేదో పార్కువారిని విచారించుకొని మరీ బయలుదేరవలెను. నీళ్ళు, అదనపు టైరు తప్పనిసరి. అద్దెబండ్లవారు చాలామంది ఇటువంటి దారులకు ఒప్పుకోరు.