మొదటి కాలంలో నాలుగు గేములు

ఈ వేసవిలో నాలుగు వీడియో గేములు పూర్తి చేశాను. ఉద్యోగంలో చేరాక ఇన్ని గేములు వరసగా చివరిదాకా ఆడటం ఇదే మొదటిసారి. నా స్టీమ్ లైబ్రరీలో సగం ఆడి వదిలేసినవే ఎక్కువ, అరలో పేజీ మడతపెట్టి మర్చిపోయిన నవలల్లాగా. ఈసారి పూర్తి చేశానంటే అది నా క్రమశిక్షణ గొప్ప కాదు. ఫిబ్రవరిలో నాన్నకి పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి. కాలు రెండు నెలల్లో కొంత దారికొచ్చింది, చెయ్యి రాలేదు. ఆఫీసులో ఇంటినుంచి పనికి అనుమతి తీసుకుని, హైదరాబాద్‌లో గదికి తాళం వేసి కూచిపూడి వచ్చేశాను.

కూచిపూడి నుంచి వచ్చానంటే "డాన్స్ చేస్తారా?" అని అడుగుతారు. మా ఇంట్లో ఎవరూ చెయ్యరు. నాన్నది మృదంగం. ముప్ఫై ఏళ్ళకి పైగా నాట్యానికి వాయించాడు. సత్యభామ జడ తెరమీద వేసినప్పుడు జనం జడని చూస్తారు, తరంగంలో పళ్ళెం అంచుమీద నిలబడ్డప్పుడు పళ్ళేన్ని చూస్తారు. నాన్న మాత్రం ఎప్పుడూ పాదాల్నే చూసేవాడు. నాట్యానికి వాయించేవాడికి సొంత చేతులు చూసుకునే తీరిక ఉండదంటాడు.

ఇప్పుడాయనకి రాత్రిళ్ళు నిద్ర పట్టదు. హాల్లో ఆయన మంచం, పక్కన నా కుర్చీ, ఒళ్ళో లాప్‌టాప్. ఆయన పడుకునే వైపునుంచి స్క్రీన్ కనపడదు. కీబోర్డు చప్పుడు మాత్రం వినపడుతుంది.

కాంట్రా

మొదట ఆడింది ఇదే. 1987లో కొనామీ ఆర్కేడ్‌లకి చేసి, మరుసటి ఏడాది నింటెండోకి తెచ్చిన గేము. నాకు మాత్రం ఇది 1999లో, బీసెంట్ రోడ్డులో నాన్న కొనిపెట్టిన టీవీ గేము డబ్బాలోంచి వచ్చింది. విజయవాడలో ఏదో ప్రోగ్రాం అయ్యాక, ఆ రాత్రి డబ్బులతోనే కొన్నాడు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి ఇల్లు చేరేదాకా ఆ పెట్టె ఒళ్ళోంచి దించలేదు నేను.

ఇప్పుడు కొనామీవాళ్ళు 2019లో తెచ్చిన సంకలనంలో ఆడాను. మూడు ప్రాణాలతో మొదలుపెడితే రెండో మెట్టు దాటలేకపోయాను. చివరికి పాత చిట్కానే వాడాను: పైకి పైకి కిందకి కిందకి ఎడమ కుడి ఎడమ కుడి, తర్వాత బి, ఎ. ముప్ఫై ప్రాణాలు. గంటలోపే అయిపోయింది.

"ఎనిమిది, పైన రెండు," అన్నాడు నాన్న చీకట్లోంచి. "చిన్నప్పుడు కూడా ఇదే కొట్టేవాడివి. ఆదితాళం మీద రెండు ఎక్కువొస్తుందని అప్పుడే అనుకున్నా."

పాతికేళ్ళు గుర్తుపెట్టుకున్నాడు. నేనేమో ఆయనకి ఆ డబ్బా సంగతే గుర్తుండదనుకున్నాను. గేము గురించి చెప్పాలంటే, కాంట్రా ఇప్పటికీ చురుగ్గానే ఉంది. కానీ ముప్ఫై ప్రాణాలతో ఆడినవాడికి గేము అయిపోతుందే తప్ప రాదు. తప్పుకి ఖరీదు లేదు కాబట్టి తప్పు ఎక్కడ జరిగిందో చూడం.

రాజీ

పూణేలోని నోడింగ్ హెడ్స్ వాళ్ళు 2020లో తెచ్చారు. దేవతలకీ అసురులకీ యుద్ధం. సర్కస్ పిల్ల రాజీ, ఎత్తుకుపోయిన తమ్ముడు గోలూ కోసం దుర్గ ఇచ్చిన త్రిశూలం పట్టుకుని బయల్దేరుతుంది. కథ మధ్యమధ్యలో తోలుబొమ్మలాటలా నీడలతో నడుస్తుంది. దుర్గా, విష్ణువూ పైనుంచి చూస్తూ మాట్లాడుకుంటారు. ఈ ఒక్క గేముకే హెడ్‌ఫోన్స్ తీసి నాన్నకి స్పీకర్లో వినిపించాను. "సూత్రధారులు ఇద్దరా? ఒకళ్ళ మాటకి ఒకళ్ళు అడ్డొస్తారేమో," అన్నాడు. అంతా అయ్యాక "మంగళం పాడకుండానే లేచిపోయారేంట్రా," అని కూడా అన్నాడు. ఇంతకంటే మంచి సమీక్ష నేను రాయలేను. గోడలమీది బొమ్మలు, కోటలు, రాజీ స్తంభాల చుట్టూ తిరుగుతూ కొట్టే దెబ్బలు కళ్ళకి పండగ. కానీ కథ బిగువెక్కుతున్న చోటే గేము ఆగిపోతుంది. మన కథతో మనవాళ్ళు చేశారన్న ఇష్టం కొద్దీ ఆ లోటు దాచి చెప్పడం వాళ్ళకీ మేలు కాదు.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా

దీని గురించి రాయాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. పదో తరగతిదాకా నేను నాన్న దగ్గర మృదంగం నేర్చుకున్నాను. తాళాలు పట్టుకుని ప్రోగ్రాములకి కూడా వెళ్ళేవాణ్ణి. ఒక సాయంత్రం, నేను తాళం వెయ్యాల్సిన ప్రదర్శనకి వెళ్ళకుండా, పక్క ఊళ్ళో ఒక కంప్యూటర్ సెంటర్‌లో కూచుని ఈ గేము ఆడాను. ఆరో మెట్టులో ఉన్నాను, లేవలేకపోయాను. ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. నాన్న తిట్టలేదు. "లయ తప్పినవాణ్ణి దిద్దొచ్చు, రానివాణ్ణి ఏం దిద్దుతాం," అన్నాడు అమ్మతో. ఆ తర్వాత నన్ను మృదంగం ముందు కూచోమని ఎప్పుడూ అనలేదు. నేనూ కూచోలేదు. ఆ గేము కూడా అక్కడే వదిలేశాను.

ఇన్నేళ్ళకి పూర్తి చేశాను. గంట సమయం, పన్నెండు మెట్లు. జోర్డాన్ మెక్నర్ అనే కుర్రాడు యాపిల్ టూ కంప్యూటర్ మీద ఒక్కడే కూచుని కోడ్ రాసి, బొమ్మలు గీసి 1989లో విడుదల చేశాడు. తమ్ముణ్ణి పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ ఫ్రేముల మీదనుంచి రాకుమారుణ్ణి గీశాడు. అందుకే వాడికి బరువుంటుంది. బటన్ నొక్కగానే ఎగరడు. పరుగు అందుకోవాలి, కాలు ఊనాలి, అప్పుడు లేస్తాడు. ఒకసారి మొదలుపెట్టిన అడుగు పూర్తయ్యేదాకా నీ మాట వినడు. మారియోకి అలవాటుపడ్డ వేళ్ళకి ఇది చికాకు. అడవు నేర్చుకున్నవాళ్ళకి మాత్రం కొత్త కాదు. ఎత్తిన కాలు దించకుండా రెండో అడుగు లేదు.

ఇందులో నన్ను కట్టిపడేసింది నీడమనిషి. నాలుగో మెట్టులో అద్దంలోకి దూకితే అందులోంచి నీ రూపమే ఇంకొకటి బయటికొచ్చి పారిపోతుంది. అక్కణ్ణుంచి నీ మందు తాగేస్తుంది, నీ తలుపు మూసేస్తుంది. ఇంజనీరుగా నాకు నచ్చే సంగతి ఏంటంటే, మెక్నర్ దగ్గర ఇంకో పాత్ర గీయడానికి మెమొరీ లేదు. ఉన్న రాకుమారుడి బొమ్మనే ఒక్క బిట్ జరిపి, దానితోనే ఎక్స్‌ఓఆర్ చేస్తే మిణుకుమిణుకుమనే నీడ వచ్చింది. లేమిలోంచి పుట్టిన పాత్ర. పన్నెండో మెట్టులో అది కత్తి దూసి ఎదురొస్తుంది. నువ్వు దాన్ని పొడిస్తే నీ ప్రాణమే తగ్గుతుంది. గెలవాలంటే కత్తి ఒరలో పెట్టి, దానికేసి నడిచి, దానిలో కలిసిపోవాలి. ఇది నేను కనిపెట్టడానికి మూడు రాత్రులు పట్టింది.

నాన్నకి ఒక్క ముక్క చెప్పాను. "ఈ గేముకి సంగీతం కట్టింది ఆ అబ్బాయి వాళ్ళ నాన్నే. ఆయన సైకాలజిస్టు. ఇరవై ఏళ్ళు దాటాక, పోయిందనుకున్న కోడ్ ఫ్లాపీలు ఇంట్లో ఒక అలమారలో దొరికాయి. వెతికి పంపింది కూడా ఆ తండ్రే."

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు నువ్వాడింది ఇదేనా?" అన్నాడు.

"ఇదే."

"అయిందా మరి?"

"ఇవాళయింది."

"సరే పడుకో," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు.

సెలెస్ట్

2018లో వచ్చిన ఈ గేములో మాడెలిన్ అనే అమ్మాయి ఒక కొండెక్కుతుంది. అంతే కథ. ఆమెలోని భయం, దిగులు ఒక అద్దం పగిలి ఇంకో మాడెలిన్‌గా బయటికొచ్చి వెంటపడతాయి. మెక్నర్ మెమొరీ లేక చేసిన నీడకి ముప్ఫై ఏళ్ళ తర్వాత మాటలొచ్చాయన్నమాట. ఇక్కడా గెలుపంటే నీడని ఓడించడం కాదు, కలుపుకోవడమే. ప్రిన్స్ ఆ మాట ఒక్క ఎత్తుగడలో చెప్పేసింది. సెలెస్ట్‌లో అప్పుడప్పుడు మాటలు ఎక్కువయ్యాయనిపించింది. కానీ కేబుల్ కారు ఆగిపోయినప్పుడు మాడెలిన్‌కి ఊపిరాడకపోవడం, తెరమీద ఈకని ఊపిరితో నిలబెట్టడం, ఆ ఒక్క సన్నివేశానికి మిగతావన్నీ మన్నించొచ్చు.

గేము చాలా కష్టం. ప్రతి అధ్యాయం చివర ఎన్నిసార్లు చచ్చావో లెక్క చెబుతుంది, అందులో సిగ్గేం లేదంటుంది. చాటుగా సాయం కూడా చేస్తుంది: అంచు దాటి కాలు గాల్లోకి వెళ్ళాక కూడా కొన్ని ఫ్రేములపాటు దూకనిస్తుంది. పైగా అసిస్ట్ మోడ్ ఉంది. గేము వేగాన్ని సగానికి తగ్గించుకోవచ్చు. రెండేళ్ళక్రితం ఇలాంటి సదుపాయాల్ని వెక్కిరిస్తూ నేనొక వ్యాసం రాశాను. కష్టం తీసేస్తే కళ మిగలదని అందులో తీర్పు చెప్పాను. కాబట్టి దాని జోలికి వెళ్ళకుండా, ఏడో అధ్యాయంలో ఒకే గదిలో నాలుగు రాత్రులు చస్తూ కూచున్నాను.

"అదే చోట పడుతున్నావు," అన్నాడు నాన్న.

"నీకెలా తెలుసు?"

"వినపడట్లా? తకధిమి తకిట. అది ఏడు. నువ్వు ఎనిమిది అనుకుని చివర ఆగుతున్నావు. చౌకలో కొట్టి చూడు."

"గేములో చౌక ఉండదు నాన్నా."

అబద్ధం. మెనూలో రెండు నొక్కుల దూరంలో ఉంది.

"మొదటి కాలం శుద్ధంగా లేనివాడికి మూడో కాలం ఎక్కణ్ణించి వస్తుందిరా. చౌక అంటే చేతకానివాడి కోసం అనుకున్నావా? అందులోనే తప్పు కనపడేది."

ఆ రాత్రి వేగం డెబ్భై శాతానికి దించాను. తప్పు కనపడింది. చివరి దూకుడుకి ముందు నేను నిజంగానే ఒక మాత్ర ఆగుతున్నాను, ఉండని నేల కోసం. డెబ్భైలో సరిచేసుకుని, ఎనభై, తొంభై చేసి, చివరికి అసలు వేగంలోనే శిఖరం ఎక్కాను. నా వ్యాసంలో తప్పేంటో కూడా తెలిసింది. కష్టాన్ని తీసెయ్యడమూ, కష్టాన్ని కనపడేంత నెమ్మదిగా నడపడమూ ఒకటి కాదు. ముప్ఫై ప్రాణాలు మొదటిది. మొదటి కాలం రెండోది.

ఆ సంతోషంలో అనకూడని మాట అన్నాను. "మరి నువ్వెందుకు చౌకలో వాయించవు?"

బీరువా పైన గలేబులో మృదంగం ఫిబ్రవరినుంచి అలాగే ఉంది. ఫిజియోథెరపిస్టు రబ్బరు బంతి నొక్కమంటే నొక్కుతాడు, వేళ్ళు ఒక్కొక్కటీ లేపమంటే ఎవరూ చూడనప్పుడు లేపుతాడు. మృదంగం మాటెత్తితే మాత్రం వినపడనట్టుంటాడు. ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడంతా నాతో మాట్లాడలేదు. ఆయనన్నది నిజమే అయినా, ముప్ఫై ఏళ్ళు మూడో కాలంలో ఉన్న చేతికి మొదటి కాలం అంత తేలిక కాదు. గేములో డెబ్భై శాతానికి దిగడానికి నాకే నాలుగు రాత్రులు పట్టింది, అదీ చీకట్లో, ఎవరూ చూడకుండా. నేనెలా అడిగాను ఆ మాట?

జూన్ చివర్లో హైదరాబాద్ వచ్చేశాను. ఆ మాట గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పోయిన ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. పొద్దున్నే నాన్న ఒక చెంచాడు బొంబాయి రవ్వ అడిగాడట. ఉప్మా తినాలనుందేమోనని అమ్మ మూకుడు పొయ్యిమీద పెట్టేసింది. "ఉప్మాకి కాదే, నీళ్ళు కలిపి ముద్ద చేసివ్వు," అన్నాడట. మృదంగం ఎడమ మూతకి గుమ్కీ పలకాలంటే ఆ రవ్వ ముద్దే అద్దాలి. పక్కింటబ్బాయితో బీరువా మీదనుంచి దింపించుకున్నాడు.

"ఎలా వాయిస్తున్నాడు?" అన్నాను.

"ఏమో, నాకేం తెలుసు. ఒకటి కొట్టి, ఆగి, మళ్ళీ ఒకటి కొడుతున్నారు. ఇదుగో, విను."

ఫోన్ అటు పట్టుకున్నట్టుంది. ఫ్యాను చప్పుడు, ఎక్కడో కాకి, ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకోటి. అంతలో దూరంనుంచి నాన్న గొంతు.

"ఏమంటున్నాడు?"

"ఫోన్ పెట్టెయ్యమంటున్నారు. లెక్క తప్పుతోందట."

పెట్టేశాను.