లెస్టర్ పట్టణంలో ఇళ్ళకు మార్కులు

లండన్ నుండి ఉత్తర దిక్కుగా రైలెక్కితే గంట పైచిలుకులో లెస్టర్ పట్టణం వస్తుంది. సోర్ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు ఒకప్పుడు మేజోళ్ళకు, బూట్లకు పేరుపొందింది. ఆ ఫ్యాక్టరీలలో పనిచేసిన వారి నిమిత్తం వంద, నూట ముప్పై ఏళ్ళ క్రితం కట్టిన ఎర్ర ఇటుకల ఇళ్ళు నేటికీ వీధుల నిండా ఉన్నాయి. పక్కింటికీ మనింటికీ ఒకటే గోడ. వీధి ఈ చివర నుండి ఆ చివర వరకు రైలు పెట్టెలు తగిలించినట్లు ఉంటాయి. వీటిని టెర్రస్ ఇళ్ళంటారు. 1972లో ఉగాండా నుండి వెళ్ళగొట్టబడిన గుజరాతీ కుటుంబాలెన్నో ఈ పట్టణానికే వచ్చి స్థిరపడ్డాయి. ఇప్పుడు మన తెలుగు పిల్లలు కూడా, నర్సులుగాను విద్యార్థులుగాను, ఈ వీధులలో అద్దెకుంటున్నారు.

మా చెల్లెలి కుమారుడూ కోడలూ అక్కడే ఉంటున్నారు. కోడలు ఆసుపత్రిలో నర్సు. 2024 అక్టోబరులో నేను వెళ్ళేసరికి ఆమెకు ఆరో నెల. ఉన్న ఒక గది ఇల్లు చాలదు గనుక రెండు గదుల ఇంటి కోసం వెదుకుతున్నారు. మన ఊళ్ళో అద్దె ఇల్లు చూడటానికి వెళ్తే ఏమడుగుతాం? నీళ్ళు వస్తాయా, వాకిలి ఏ దిక్కు, ఇంటివారు మంచివాళ్ళేనా అని. మా అబ్బాయి మాత్రం గడప తొక్కకముందే ఫోనులో ఒక కాగితం తెరిచాడు. "పెద్దమ్మా, ఇక్కడ ముందు ఇంటి మార్కులు చూసుకొని ఆ తరువాతే ఇల్లు చూస్తాం" అన్నాడు.

ఆ కాగితం పేరు ఎనర్జీ పర్ఫార్మెన్స్ సర్టిఫికెట్. అందరూ ఇ.పి.సి. అంటారు. ఇంటిని వెచ్చగా ఉంచటానికి, వేడినీళ్ళకు, దీపాలకు ఎంత ఖర్చవుతుందో అంచనా కట్టి నూటికి ఇన్ని మార్కులని వేస్తారు. 92, ఆపైన వస్తే ఏ. ఇరవై, అంతకు తక్కువైతే జి. ఏ ముదురాకుపచ్చ, జి ఎరుపు. మన ఫ్రిజ్ మీద నక్షత్రాలు అంటించినట్లే గాని, ఇక్కడ ఇల్లంతటికీ అంటిస్తారు. ఇంగ్లండు, వేల్సు ప్రాంతాలలో 2007 ఆగస్టులో అమ్మే పెద్ద ఇళ్ళతో ఇది మొదలైంది. 2008 అక్టోబరు నుండి అద్దె ఇళ్ళకు కూడా తప్పనిసరి అయింది. ఒకసారి తీసుకుంటే పదేళ్ళు చెల్లుతుంది. అద్దెకు రాబోయేవారికి యజమాని దీనిని ఉచితంగా చూపించాలి.

2018 ఏప్రిల్ 1 నుండి మరొక మెలిక పెట్టారు. ఇ కంటే తక్కువ వచ్చిన ఇంటిని కొత్తగా అద్దెకివ్వకూడదు. 2020 ఏప్రిల్ నుండి అప్పటికే అద్దెకున్నవారి ఇళ్ళకూ అదే నియమం. మినహాయింపులు లేకపోలేదు. 3,500 పౌండ్ల లోపు ఖర్చుతో ఇ కి తీసుకురాలేని ఇంటిని, ఆ సంగతి రిజిస్టరులో నమోదు చేసి అద్దెకివ్వవచ్చునని నియమంలోనే ఉండేది. కాగితం మీద చట్టం గట్టిదే. నాకు తోచినంతలో మాత్రం, అద్దెకు వచ్చినవాడు అడిగితేనే దానికి ప్రాణం.

మేము చూసినవి రెండిళ్ళు. మొదటిది కోడలి ఆసుపత్రికి నడిచి వెళ్ళేంత దూరంలోని పాత టెర్రస్ ఇల్లు. దానికి 47 మార్కులు, అంటే ఇ. రెండవది బస్సెక్కి వెళ్ళవలసినది, 71 మార్కులు, సి. దాని అద్దె నెలకు 30 పౌండ్లు ఎక్కువ.

ఎందుకింత తేడా అని అడిగితే మా అబ్బాయి నన్ను వీధిలో నిలబెట్టి ఇటుకలు చూపించాడు. పాత ఇంటి గోడలో ఒక ఇటుక పొడవుగా, దాని పక్కది పొట్టిగా కనిపిస్తున్నది. పొట్టిగా కనిపించేది అడ్డంగా పెట్టిన ఇటుక తల. అంటే గోడంతా ఒకే కట్టు, తొమ్మిది అంగుళాలు. మన వైపు తొమ్మిది అంగుళాల గోడంటే ఘనంగా చెప్పుకుంటాం. అక్కడి చలికి అది చాలదు, లోపలి వేడిని బయటికి లాగేస్తుంది. రెండవ ఇంటి గోడలో ఇటుకలన్నీ పొడవుగానే ఉన్నాయి. అది నిజానికి రెండు గోడలు. నడుమ ఉన్న సందులో దూది వంటి పదార్థం కూరారు. బయట నిలబడి ఇటుకలు చూసి ఇంటి ఒంట్లో సంగతి చెప్పవచ్చునని ఆ రోజే తెలిసింది. ఆ తరువాత ఏ వీధిలో నడిచినా నా కళ్ళు ఇటుకల మీదికే పోయేవి.

ఇక కాగితంలో అసలు చదవవలసినది పైనున్న అక్షరం కాదు, కింద వరుసలు. గోడలు, పైకప్పు, కిటికీలు, బాయిలరు, ఒక్కొక్కదానికి విడిగా తీర్పు ఉంటుంది. మొదటి ఇంటి గోడల ఎదుట "చాలా నాసి" అని ఉన్నది. అటక మీద పరచిన దూది పరుపు మందం 100 మిల్లీమీటర్లు. ఇప్పుడు 270 ఉండాలంటారు. ఏ మరమ్మతు చేస్తే ఎంత ఖర్చు, ఏడాదికి ఎంత ఆదా అన్నది కూడా రాసి ఉంటుంది. గోడల దగ్గర "అని అనుకొంటున్నాము" అనే మాట కూడా కనిపించింది. పరీక్షకు వచ్చే మనిషి గోడకు బెజ్జం వేసి చూడడు. గదులు కొలుస్తాడు, అటక ఎక్కుతాడు, కంటికి కనబడనిదానిని ఇంటి వయసును బట్టి ఊహిస్తాడు. అది దాచకుండా రాయటం నాకు నచ్చింది.

ఖర్చు లెక్క దగ్గర అందరూ జాగ్రత్తపడాలి. మొదటి ఇంటి కాగితం 2019 నాటిది, రెండవది 2023 నాటిది. ఈ నడుమ, 2022లో, గ్యాసు ధరలు విపరీతంగా పెరిగాయి. ఆ రెండు కాగితాలలోని పౌండ్లను పక్కపక్కన పెట్టి చూస్తే పాత ఇల్లే చవకనిపిస్తుంది. అందుకని మా అబ్బాయి పౌండ్లు వదిలి యూనిట్లు చూశాడు. వెచ్చదనానికి ఏడాదికి మొదటి ఇంట్లో 14,000 యూనిట్లు, రెండవ ఇంట్లో 7,500. తేడా 6,500. అప్పుడు గ్యాసు యూనిటు సుమారు ఆరు పెన్నీలు గనుక 390 పౌండ్లు. రెండవ ఇంటి అద్దెలో ఏడాదికి ఎక్కువయ్యేది 360. పెద్ద లాభమేమీ లేదు! పైగా ఆ యూనిట్లు సగటు కుటుంబానికి వేసినవి. చలికి కంబళి కప్పుకొని బాయిలరు ఆపేసేవారికి బిల్లు తక్కువే వస్తుంది.

"బస్సు చార్జీలు కలిపితే పాత ఇల్లే నయం గదా?" అన్నాడు మా అబ్బాయి.

కోడలు జవాబు చెప్పకుండా మేడ మీద వెనక గదిలోకి వెళ్ళింది. ఈ టెర్రస్ ఇళ్ళలో వంటింటి మీద కట్టిన ఆ గదికి మూడు పక్కలా గాలే. పుట్టబోయే బిడ్డకు అనుకున్నది అదే గది. కొత్తగా రంగు వేశారు. బీరువా కొంచెం జరిపి చూస్తే గోడ చెమ్మగా ఉన్నది, మూలన నల్లటి బూజు చుక్కలు. "అత్తయ్యా, ఇది వాసన చూడండి" అన్నది. ముక్కు దగ్గర పెట్టనక్కరలేదు, గది తలుపు తీసినప్పుడే తెలిసింది.

ఈ బూజు సంగతి సర్టిఫికెట్టులో ఎక్కడా ఉండదు. చల్లని గోడ అని ఉంటుంది. ఆ చల్లని గోడ మీద మన వంట ఆవిరి, ఇంట్లో ఆరేసిన బట్టల తేమ చేరి నీరవుతుందని, అక్కడ బూజు పడుతుందని మనమే గ్రహించుకోవాలి. గాలి ఆడకపోతే మరీ. 2020 డిసెంబరులో రాచ్‌డేల్ పట్టణంలో రెండేళ్ళ బాబు, అద్దె ఇంట్లో చాలాకాలంగా ఉన్న బూజు వలన ఊపిరి జబ్బు చేసి చనిపోయాడు. 2022లో విచారణ జరిపిన అధికారి అదే కారణమని తేల్చారు. ఆ బిడ్డ పేరనే చట్టం చేసి, 2025 అక్టోబరు నుండి ప్రభుత్వ సహాయంతో నడిచే అద్దె ఇళ్ళలో ప్రమాదకరమైన బూజును గడువులోగా సరిచేయాలని విధించారు. నర్సుగా పనిచేస్తున్న మా కోడలికి ఈ సంగతి బాగా తెలుసు. నెలకు 30 పౌండ్ల మాట మళ్ళీ ఎత్తలేదు. సి ఇంటికే బయానా కట్టారు.

ఆ దేశంలో పిల్లలున్నవారికి ఒక మాట. ఇల్లు ఖాయం చేసుకోకముందే వారికి ఈ కాగితం సంగతి గుర్తు చేయండి. ఇంటి పోస్టుకోడు ఉంటే ఇంగ్లండు, వేల్సు ఇళ్ళ సర్టిఫికెట్లు ప్రభుత్వ రిజిస్టరులో ఎవరైనా రుసుము లేకుండా చూడవచ్చు, యజమాని చూపించేదాకా ఆగనక్కరలేదు. ముందు తేదీ చూడమనండి. తరువాత గోడల వరుస, యూనిట్ల లెక్క. ఆ పైన ఇంటికి వెళ్ళి, ఉత్తరపు గది బీరువా వెనక్కి చేయి పెట్టి చూడమనండి.